బజ్జీల బండి మీదుగా

జ్ఞానశేఖర్ ఇంట్లో ఏ పని మొదలైనా ముందు ప్రకటన వెలువడుతుంది. సికింద్రాబాద్ స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ళ రాకపోకలు చెప్పడం అతని ఉద్యోగం. డ్యూటీ దిగాక మైకును అక్కడే వదిలి వస్తాడు గానీ గొంతును వెంట తెచ్చుకుంటాడు. స్నానానికి వెళ్తున్న సంగతి, స్నానం నుంచి వచ్చిన సంగతి, మధ్యలో సబ్బు అయిపోయిన సంగతి వీధి మొత్తానికి తెలుస్తాయి. చిలకలగూడలో అతన్ని మైకు శేఖర్ అంటారు. పై వాటాలో ఆ పూట వంటేమిటో తెలుసుకోవడానికి తాను ఏనాడూ మెట్లెక్కలేదని కింద ఉండే ఇల్లుగలావిడ కమలాబాయి చెబుతుంది.

అటువంటి ఇంట్లో రెండో తరగతి చదివే సువార్త మాట్లాడదు.

మాటలు రాక కాదు. అన్నం కావాలంటే కావాలంటుంది, చాలంటే చాలంటుంది. అంతటితో ఆమె వైపు నుంచి సంభాషణ ముగుస్తుంది. బళ్ళో పేరు పిలిస్తే లేచి నిలబడి, అడిగినవారిని కాసేపు చూసి, కూర్చుంటుంది. సువార్త అని పేరు పెట్టుకుని ఈ పిల్లకు ఇంత మౌనమేమిటని ఇంటికొచ్చిన చుట్టాలందరూ అనడం, అన్నవాళ్ళను ఆమె తేరిపార చూడడం మామూలైపోయింది.

ఈ మామూలు ఒక ఆదివారం నాడు ఆగింది. చర్చిలో ఆరాధన అయ్యాక సువార్త క్లాసు టీచర్ మేబెల్, పాప తల్లిదండ్రులిద్దరినీ పక్కకు పిలిచింది. ఆమెదీ అదే సంఘం. పెద్ద పరీక్షల్లో ఓరల్ ఉంటుందని, ఇచ్చిన విషయం మీద పిల్లలు క్లాసు ముందు నిలబడి మాట్లాడాలని చెప్పింది. రాతలో పాపకు వంక పెట్టడానికి లేదు. కానీ నోటి నుంచి మాట రాకపోతే మార్కు వేసే దారి లేదు. మార్కు లేకపోతే పాప మళ్ళీ రెండో తరగతే చదవాలి.

తోటిపిల్లలందరూ మూడుకు వెళ్ళి, కూతురు ఒక్కతే రెండులో మిగిలిపోవడం జ్ఞానశేఖర్ కళ్ళముందు కనిపించింది. మైకు శేఖర్ కూతురు మాట రాక తప్పిందని చిలకలగూడ చెప్పుకోవడం చెవుల్లో వినిపించింది. ఇంటికి చేరి చొక్కా విప్పక ముందే ప్రకటన చేశాడు.

"రేపటి సంది పొద్దుమీకి పాపను నేను గ్రౌండు దాంక నడిపిస్త. తొవ్వల మాట్లాడుడు నేర్పిస్త."

అతని భార్య దేవకృప, దగ్గరలోని సర్కారు ప్రైమరీ బడిలో ఒకటో తరగతి టీచరు. ఆమెది ఒంగోలు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆమె మాటలో ఒంగోలు పోలేదు, అతని మాటలో చిలకలగూడ పోలేదు. పోట్లాట మాత్రం ఇద్దరికీ అర్థమయ్యే భాషలోనే జరుగుతుంది.

"మాట్లాడ్డం నేర్పడానికి నడవడం ఎందుకండీ?"

"డాక్టర్ నన్ను నడవమన్నడు గద. రెండూ ఒక్క టికెట్ మీద అయితయి."

"పిల్లలు ముందు వింటారండీ. వినడం నిండితే మాట అదే వస్తుంది. మా క్లాసులో..."

"విని విని ఇంకెంత కాలం ఊకుంటది?"

"మీరు ఊరుకున్న రోజు మాట్లాడుతుంది."

జ్ఞానశేఖర్ దీన్ని వాదన కింద లెక్కకట్టలేదు.

ఆమె క్లాసులో జరిగేది ఏమిటంటే, పొద్దున్నే పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు లేచి నిన్న తాము చూసింది, విన్నది చెబుతారు. తక్కినవాళ్ళు వింటారు. ఆ తర్వాత ఇంకొకరు లేచి, మొదటివాళ్ళు చెప్పిందంతా తిరిగి చెప్పాలి. వినకపోతే చెప్పలేరు గనుక వింటారు. చెప్పాలి గనుక మాట్లాడతారు. ఇంట్లో కూడా ఆమె పాపను మాట్లాడమని అడగలేదు. జడ విప్పుతూ, కళ్ళు మూసుకుని ఏమేం వినబడుతున్నాయో చెప్పమనేది. కమలాబాయి రేడియో, కుక్కర్, రైలు, డాడీ అని సువార్త వరసగా చెప్పేది. డాడీ ఏమంటున్నాడని అడిగితే, పక్కగదిలో అతను అంటున్నది అక్షరం పొల్లుపోకుండా అప్పగించేది. అది తల్లీకూతుళ్ళ ఆట అనుకున్నాడు జ్ఞానశేఖర్.

అతనిది శాస్త్రీయ పద్ధతి. దారిలో నడుస్తూ పాపకు వివరించాడు. వాక్యం అంటే ప్రకటన లాగుండాలి. ఎవరు, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ ఊళ్ళ మీదుగా, ఏ ప్లాట్‌ఫారానికి చేరుతున్నారు. ఇవన్నీ ఉన్న వాక్యం విన్న ప్రయాణికుడు మళ్ళీ వచ్చి అడగడు.

"ఇంకోటి బిడ్డా. ఎన్కల కూసున్నోళ్ళకు వినబడాలె. ముందల కూసున్నోళ్ళు ఎట్లనో వింటరు."

సువార్త విన్నది. గ్రౌండు దాకా అతను మాట్లాడాడు, గ్రౌండు చుట్టూ మాట్లాడాడు, తిరుగుదారిలో మాట్లాడాడు. పాప మాట్లాడడానికి ఎక్కడైనా సందు ఉందేమో చూసింది. లేదు.

చౌరస్తా దగ్గర అతని మాట ఆగింది. అక్కడ తుకారాం మిరపకాయ బజ్జీల బండి ఉంది.

షుగర్ వచ్చిందని డాక్టర్ చెప్పిన రోజు నుంచి దేవకృప ఇంట్లో మూకుడు పొయ్యి ఎక్కనివ్వలేదు. నూనెలో వేగిన పదార్థాన్ని జ్ఞానశేఖర్ కళ్ళతో చూసి చాలా కాలమైంది. బండి ముందు నిలబడ్డాడు. నిలబడినందుకు కారణం కావాలి గనుక వెతికాడు. దొరికింది. అవసరం పడితేనే పిల్లలకు మాట వస్తుంది. పాప తనే బజ్జీలు అడిగి తీసుకోవాలి. ఇంతకంటే మంచి పాఠం ఏ బళ్ళో ఉంటుంది?

అడగమన్నాడు. సువార్త పొయ్యిలో మంటను చూసింది. తుకారాం చిల్లుల గరిటె పట్టుకుని ఎదురుచూశాడు. వెనక బస్సు హారన్ కొట్టింది. చివరికి జ్ఞానశేఖరే, ఎలా అడగాలో పాపకు చూపించడానికి, తనే అడిగాడు. అడిగి తీసుకున్నవాటిని వదిలి వెళ్ళడం తుకారాంను అవమానించడం అవుతుంది. పాప కారం తినదు, ఆమెకు ఆలుబజ్జీ ఇప్పించాడు. మిరపకాయ బజ్జీల బాధ్యత తను తీసుకున్నాడు.

ఇంటి సందు మలుపులో ఆగి, మూతి తుడుచుకుని, గొంతు తగ్గించాడు.

"బజ్జీల ముచ్చట అమ్మకు చెప్పొద్దు బిడ్డా. పరేషాన్ అయితది."

మాట్లాడమని ఊరంతా తిప్పిన మనిషే చెప్పొద్దనడంలో చిక్కు ఏదో ఉందని అతనికి తట్టలేదు. సువార్తకు తట్టింది. తండ్రి ముఖం చూసింది. తల ఊపింది.

పాఠం రోజూ సాగింది. నడుమ ఆపితే నేర్చుకున్నది పోతుందని అతని భయం. బెంచీ మీద కూర్చుని తింటూ తుకారాంతో కష్టసుఖాలు చెప్పుకునేవాడు. చర్చిలో పాస్టర్ అయ్యగారి ప్రసంగం, మేబెల్ టీచర్ ధోరణి, ఉల్లిగడ్డ ధర అన్నీ ఒకే వరసలో నడిచేవి. సువార్త బెంచీ చివర కూర్చుని ఆలుబజ్జీ అంచులు కొరుకుతూ ఉండేది.

ఇంట్లో ఇంకో మార్పు వచ్చింది. రాత్రి కంచంలోకి కాకరకాయ రావడం మొదలైంది. ఒకరోజు కూర, ఒకరోజు పులుసు, ఒకరోజు ఉడికించిన ముక్కలు. బోయిన్‌పల్లి మార్కెట్లో ఇంకే కూరగాయా దిగడం లేదా అని అతను అడిగాడు. షుగరుకు మంచిదని దేవకృప జవాబు చెప్పింది. వాన కురిసి నడక మానేసిన రోజు మాత్రం బెండకాయ వచ్చింది. వానకూ బెండకాయకూ ఉన్న సంబంధం గురించి అతను కాసేపు ఆలోచించి, వాన పడితే కాకర లారీలు రావేమోనని సరిపెట్టుకున్నాడు.

మెచ్చుకోవలసింది మెచ్చుకోవాలి. బండి దగ్గర సువార్త నోరు విప్పింది. మొదట వేలు చూపింది. తర్వాత "బజ్జీలు" అంది. ఒక సాయంత్రం బండికి ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, బస్సు హారన్ ఆగేదాకా ఆగి చెప్పింది.

"తుకారాం అంకుల్, మూకుట్లకెల్లి బయలుదేరిన మా డాడీ బజ్జీలు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ మీదుగా, ఈ బెంచీ మీదికి రావాలె."

తుకారాం గరిటె కింద పెట్టాడు. పిల్లకు రైల్వేలో ఉద్యోగం ఖాయమన్నాడు. జ్ఞానశేఖర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అందులో కొంత మిరపకాయ వల్ల.

అయినా బళ్ళో మౌనం అలాగే ఉందని మేబెల్ కబురు చెప్పింది. ఓరల్ దగ్గరపడింది. జ్ఞానశేఖర్ వెనక్కి తగ్గలేదు. పాపకు ఇప్పుడు కావలసింది జనం అని తేల్చాడు. జనం దొరికే దారి కూడా చూశాడు. ఆ శుక్రవారం గృహకూటం వాళ్ళింట్లోనే. పాటలు, వాక్యం అయ్యాక పాస్టర్ జకర్యా అయ్యగారు ప్రార్థన అంశాలు అడుగుతారు. ఎవరి అవసరం వాళ్ళు అందరి ముందూ చెప్పుకుంటారు. అయ్యగారు ఒక్కొక్కటీ పేరుపేరునా ప్రార్థనలో ఎత్తి చెబుతారు. సువార్త లేచి తన ఓరల్ పరీక్ష గురించి ఒక్క వాక్యం చెబితే చాలు. మేబెల్ టీచర్ ఎదురుగానే ఉంటుంది. తన చెవులతో వింటుంది.

ఆ వాక్యాన్ని పాప చేత బెంచీ మీద వల్లె వేయించాడు. దేవకృపకు చెబితే, మంచిదేనండీ అంది. ఆమె ఇంత తొందరగా ఒప్పుకోవడం అతనికి వింతగా తోచింది గానీ, విజయం ముందు ఎవరైనా తలవంచుతారని అనుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం ఇల్లు నిండింది. కుర్చీలు కమలాబాయివి. పాటలంటే ఇష్టం గనుక ఆమె కూడా వచ్చి గడప దగ్గర పీట వేసుకుని కూర్చుంది. జకర్యా అయ్యగారు వాక్యం చెప్పారు. 'చివరిగా' అన్నారు. ఆ తర్వాత ఇంకో విషయం చెప్పి మళ్ళీ 'చివరిగా' అన్నారు. మూడో 'చివరిగా' అయ్యేసరికి వంటింట్లో టీ నీళ్ళు ఇగిరిపోయాయి. అప్పుడు ప్రార్థన అంశాలు అడిగారు. ఒకరు మోకాళ్ళ నొప్పి చెప్పారు. ఒకరు యాప్రాల్లో కట్టుకుంటున్న ఇంటికి బోరులో నీళ్ళు పడలేదని చెప్పారు. జ్ఞానశేఖర్ లేచి, మా పాప ఒక అంశం చెప్తది అయ్యగారూ అన్నాడు.

సువార్త నిలబడింది. అందరినీ చూసింది. ఏమీ అనలేదు.

ఫ్యాన్ చప్పుడు వినబడుతోంది. జ్ఞానశేఖర్ పెదవులు కదిలాయి. వాక్యం అతని నాలుక చివర దాకా వచ్చింది. ఎదురుగా కూర్చున్న దేవకృప అరచేయి కొద్దిగా పైకెత్తి, ఆగమన్నట్టు చూసింది. జ్ఞానశేఖర్ నోరు మూసుకున్నాడు. ఆ ఇంట్లో అది మొదటిసారి.

ఆ సందులోంచి సువార్త గొంతు వచ్చింది.

"దయచేసి వినండి. రెండో తరగతి నుంచి మూడో తరగతికి పోవలసిన సువార్త, ఓరల్ పరీక్ష మీదుగా పోతది. ఆ పరీక్ష కోసం ప్రార్థన చేయండి."

స్తోత్రం అన్నారు అందరూ. మేబెల్ కళ్ళజోడు సర్దుకుంది. జ్ఞానశేఖర్ గడప దాకా చూపు సారించి, కమలాబాయికి కూడా వినబడిందని రూఢి చేసుకున్నాడు. పాప కూర్చుంటుందని చూశాడు.

పాప కూర్చోలేదు. గొంతు ఇంకొంచెం పెంచింది.

"రెండో అంశం. పొద్దుమీకి ఇంటి నుంచి గ్రౌండుకు పోవలసిన మా డాడీ, చౌరస్తా మీదుగా, తుకారాం అంకుల్ బజ్జీల బండికి చేరుకుంటున్నడు. డాడీకి షుగర్ ఉన్నది. నూనెవి తినొద్దని డాక్టర్ అంకుల్ అన్నడు. తింటే కండ్లకు తక్లీఫ్ అన్నడు. అమ్మకు చెప్పొద్దని డాడీ అన్నడు. అందుకే దేవుడికి చెప్తున్న."

"చాలు బిడ్డా. ఆమేన్," అన్నాడు జ్ఞానశేఖర్.

అయ్యగారు చెయ్యెత్తారు. "అంశం పూర్తికాక ముందే ఆమేన్ ఏమిటి శేఖర్? పాపను చెప్పనివ్వు. ఇంకా ఉన్నాయా తల్లీ?"

ఉన్నాయని సువార్త తలూపింది.

"మూడో అంశం అయ్యగారిది. అయ్యగారు చివరిగా అన్నంక కూడా అన్నం వండి వార్చేంత సేపు చెప్తరని డాడీ తుకారాం అంకుల్‌తోని అన్నడు. అది చివరిది కావాలని ప్రార్థన చేయండి. నాలుగో అంశం మేబెల్ టీచర్‌ది. టీచర్ జెర ఊకుంటే గద పిల్లలు మాట్లాడేది అని డాడీ అన్నడు. టీచర్ కోసం ప్రార్థన చేయండి. అంశాలు సమాప్తం."

కూర్చుంది.

జ్ఞానశేఖర్ మేబెల్ వైపు చూడలేక చాపను చూశాడు. బజ్జీలు పోయినా సరే. అయ్యగారి దగ్గర పరువు పోయినా సరే. ఆమె చేతిలో ఉన్న ఆ ఒక్క మార్కు పోతే పాప రెండులోనే. ఇన్ని సాయంత్రాలు నడిపించి, నేర్పించి, ఆఖరికి తన నోటితోనే పాప దారి మూసేశాడు. చాప అల్లిక మీద అతని చూపు ఒక పుల్ల నుంచి ఇంకో పుల్లకు వెళ్తోంది.

మేబెల్ లేచింది.

"సువార్తా, ఓరల్‌కు నేను అనుకున్న విషయం 'మా కుటుంబం'. నువ్వు క్లాసులో కూడా వచ్చి చెప్పాలి, అది రూలు. కానీ భయపడకు. సగం మార్కులు ఇక్కడే వచ్చేశాయి." కూర్చోబోయి ఆగింది. "నేను ముందు వరసలో కాదు, వెనక కూర్చుంటాను. మధ్యలో మాట్లాడను."

సువార్త ఒప్పుకుంది.

అయ్యగారు అందరినీ మోకరించి కళ్ళు మూసుకోమన్నారు. ప్రార్థన మొదలైంది. మోకాళ్ళు వచ్చాయి, యాప్రాల్ బోరు వచ్చింది, ఓరల్ పరీక్ష వచ్చింది. తన అంశం రాకుండా ఏదైనా అడ్డుపడుతుందేమోనని జ్ఞానశేఖర్ ఎదురుచూశాడు. అయ్యగారి పద్ధతిలో ఏదీ విడిచిపెట్టడం లేదు.

"ప్రభువా, ఈ గృహయజమానుడైన జ్ఞానశేఖర్‌ను నీ సన్నిధికి తెస్తున్నాము. సాయంకాల వేళ చౌరస్తా దగ్గర ఆయన పాదములు ఎటు తిరుగునో నీకు తెలుసు. ఆ మూకుడు నీకు తెలుసు, ఆ మిరపకాయలు నీకు తెలుసు. నీ బిడ్డ పాదములను గ్రౌండు వైపు తిప్పుము. అలాగే ప్రభువా, నీ దాసుడనైన నేను చివరిగా అన్నప్పుడు అది చివరయ్యేలా కృప చూపుము..."

జ్ఞానశేఖర్ ఒక కన్ను తెరిచి భార్య వైపు చూశాడు. దేవకృప కూడా ఒక కన్ను తెరిచే ఉంది. ఆ ముఖంలో కోపం కోసం వెతికాడు. కనీసం ఆశ్చర్యం కోసం వెతికాడు. రెండూ లేవు. మోకాళ్ళ మీదే ఆమె పక్కకు జరిగి గొణిగాడు.

"నీకు ముందే ఎర్కనా ఏందీ?"

"సాయంత్రాలు బండి వెనక కూర్చునే తుకారాం కూతురు నా క్లాసే," అంది ఆమె, పెదవులు కదలకుండా. "నిన్న ఏం చూశావంటే రోజూ పొద్దున్నే లేచి చెబుతుంది, టీచర్ వాళ్ళ సారు ఎన్ని తిన్నారో. తర్వాత ఇంకో పిల్ల లేచి అదే మళ్ళీ చెబుతుంది. వినడంలో మా క్లాసు బాగా ముందుకొచ్చింది."

జ్ఞానశేఖర్‌కు కాకర లారీలు గుర్తొచ్చాయి. వాన గుర్తొచ్చింది, బెండకాయ గుర్తొచ్చింది.

"మరి ఇన్నొద్దులు ఎందుకు ఆపలే?"

"బండి దగ్గర పాప మాట్లాడుతోందని కూడా ఆ పిల్లే చెప్పింది. పూర్తి వాక్యాలు చెబుతోందట. నడుమ ఆపితే నేర్చుకున్నది పోతుంది గదండీ. మీకు కాకరకాయ పెడుతూ ఓరల్ దాకా నెట్టుకొద్దామనుకున్నా."

"అంటే రేపటి సంది..."

"రేపటి నుంచి మీతో నేను కూడా నడుస్తాను. కళ్ళు మూసుకోండి."

కళ్ళు మూసుకున్నాడు. అయ్యగారు 'చివరిగా' అన్నారు. ఒక్క క్షణం ఊపిరి తీసుకున్నారు. ఆ తర్వాత ఏమీ లేదు. ప్రార్థన నిజంగానే ముగిసింది. సంఘమంతా ఆమేన్ అంది. అంశం ఎవరిదైతే వాళ్ళు కూడా గట్టిగా ఆమేన్ అనడం ఆ కూటంలో రివాజు. అందరి ముఖాలు జ్ఞానశేఖర్ వైపు తిరిగాయి.

"ఆమేన్," అన్నాడు, చాపకు మాత్రమే వినబడేట్టు.

సువార్త తండ్రి చొక్కా పట్టుకుని లాగింది.

"డాడీ, ఎన్కల కూసున్నోళ్ళకు వినబడలే."

జ్ఞానశేఖర్ గడప వైపు చూశాడు. అక్కడ కమలాబాయి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని సిద్ధంగా ఉంది. గొంతు సవరించుకుని, స్టేషన్లో మైకు ముందు కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని, మళ్ళీ మొదటి నుంచి ఆమేన్ అన్నాడు.